నాన్నకు చదివి వినిపించాలి: బౌద్ధ గ్రంథాల్లో అన్నిటికన్నా పాతది ఏది?

బ్రాడీపేట పాఠకురాలు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా నాన్నగారికి 81 ఏళ్లు. గ్లకోమా వల్ల రెండేళ్లుగా పుస్తకం చదవలేకపోతున్నారు. రోజూ సాయంత్రం కాఫీ తాగాక నేను అరగంట చదివితే ఆయన కళ్లు మూసుకుని వింటారు. ఇప్పుడు ధమ్మపదం తెలుగు అనువాదం నడుస్తోంది. 423 గాథల్లో సగం దాటాం.

మొన్న చదువుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపారు. "అమ్మా, ఇవి ఎవరో ఏరి ఒకచోట కూర్చినట్టున్నాయి. బుద్ధుడి నోటి మాటకు బాగా దగ్గరగా ఉన్నదేదో కనుక్కుని అది చదువు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు నన్ను అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లి, పలకల మీద అక్షరాలు వేలితో చూపించింది ఆయనే. ఇన్నాళ్లకు ఆయన నన్నొక మాట అడిగితే చెప్పలేకపోయానని మనసులో గుచ్చుకుంటోంది. తెలిసినవాళ్లు దారి చూపించండి.

పాళీ విద్యార్థి | ఆదివారం, రాత్రి 10:35

అమ్మా, మీ నాన్నగారి చెవికి దండం పెట్టాలి. ధమ్మపదం నిజంగానే ఏరి కూర్చిన పుస్తకం. అందులోని గాథలు చాలా వరకు పిటకాల్లో, అంటే పాళీ భాషలో ఉన్న బౌద్ధ మూలగ్రంథాల్లో, వేరేచోట్ల కూడా కనిపిస్తాయి.

ముందు అమరిక చెప్తాను. వినయ (భిక్షువుల నియమాలు), సుత్త (బోధలు), అభిధమ్మ (తాత్విక విశ్లేషణ) అని మూడు పిటకాలు. సుత్త పిటకంలో ఐదు నికాయలు, అంటే సంపుటాలు: దీఘ, మజ్ఝిమ, సంయుత్త, అంగుత్తర, ఖుద్దక. దీఘంలో 34 పెద్ద సుత్తాలు, మజ్ఝిమంలో 152 ఉంటాయి. ధమ్మపదం, సుత్తనిపాతం, థేరగాథలు, థేరీగాథలు, జాతకాలు ఖుద్దకంలోకి వస్తాయి.

ఇక మీ ప్రశ్న. నన్నడిగితే సుత్తనిపాతంలో చివరి రెండు వగ్గాలు, అంటే అధ్యాయాలు, చదవమంటాను: అట్ఠకవగ్గం, పారాయనవగ్గం. పారాయనం అంటే 16 మంది బుద్ధుణ్ణి అడిగిన ప్రశ్నలు, ఆయన జవాబులు. పాతవని ఊరికే అనడం లేదు. సంయుత్త నికాయలోనే ఒకచోట "పారాయనంలో, అజితుడి ప్రశ్నలో ఇలా చెప్పారు" అని ఎత్తుకుని, దాని అర్థం గురించి మాట్లాడుకుంటారు. అట్ఠకవగ్గాన్ని కూడా అలాగే పేరుపెట్టి చెప్తారు. సంయుత్తం కూర్చేనాటికే ఈ రెండూ పేరున్న పాఠాలన్నమాట. పైగా ఈ రెంటికీ పదం పదం విడదీసి అర్థం చెప్పే నిద్దేసం అనే వ్యాఖ్యానం ఉంది. ఆ వ్యాఖ్యానం కూడా పిటకంలోనే చేరిపోయింది. పిటకంలో చోటు దొరికిన వ్యాఖ్యానమంటే, దాని మూలం ఇంకెంత పాతదో చూడండి.

ఇంకో గుర్తు కూడా ఉంది. సోణ కుటికణ్ణుడనే భిక్షువు అవంతి నుంచి బుద్ధుడున్న జేతవన విహారానికి వస్తాడు. తెల్లవారుజామున బుద్ధుడు "ధమ్మం చెప్పు" అంటే, అట్ఠకవగ్గంలోని 16 సుత్తాలూ రాగంతో అప్పజెప్తాడు. ఈ కథ ఖుద్దకంలోని ఉదానం అనే గ్రంథంలో ఉంది, వినయంలోనూ ఉంది.

లెక్కల మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

చాలా బాగా చెప్పారు బాబూ. రిటైరైన టీచర్‌గా ఒక మాట కలుపుతాను. 34 ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు పలికించాను. నలభైమంది కలిసి అప్పజెప్తుంటే ఒక్కడు తప్పు పలికినా చెవికి వెంటనే తెలిసిపోతుంది. ఆ తప్పు ఆ గొంతు దగ్గరే ఆగిపోతుంది, పక్కవాడికి అంటదు.

సుత్తాలు చదివేవాళ్లు "చెప్పిందే చెప్తారేమిటి" అని విసుక్కోవడం విన్నాను. ఒకే వాక్యం కొద్ది మార్పుతో పదిసార్లు వస్తుంది. అచ్చు పుస్తకాల్లో చోటు కలిసి రావాలని "పే" అని పెట్టి దాటేస్తారు. కానీ అది నోటితో మోయాల్సిన చదువు. ఒక మాటకు నాలుగు సమానార్థకాలు పెట్టి, చిన్న పదం ముందు, పొడుగు పదం తర్వాత వచ్చేలా పేర్చారు. అలా ఉంటే నాలుక దానంతటది దారి పట్టుకుంటుంది. అమ్మా, అనువాదంలో ఆ "పే" కనిపిస్తే దాటెయ్యకుండా ఒక్కసారైనా పూర్తిగా చదవండి. కళ్లతో చదివేవాడికి అది బరువే. వినేవాడికి మాత్రం ఊయలలా ఉంటుంది.

ఉండవల్లి కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:05

మరి మొదట రాసింది ఎక్కడండీ? మన అమరావతిలోనే త్రిపిటకాలు రాశారని ఒక వీడియోలో చూశాను.

పాళీ విద్యార్థి | సోమవారం, మధ్యాహ్నం 1:50

తమ్ముడూ, ఆ వీడియో మాట నమ్మకు. పాళీ పిటకాన్ని ఆకుల మీదికి ఎక్కించింది సింహళంలో, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, వట్టగామణి అభయ రాజు కాలంలో. చోటు అలువిహార అని అక్కడి సంప్రదాయం. అప్పటిదాకా పాఠమంతా నోళ్లలోనే ఉంది. బుద్ధుడు పోయాక రాజగృహంలో మహాకస్సపుడి పెద్దరికంలో సభ జరిగిందని, ఉపాలి వినయాన్ని, ఆనందుడు ధమ్మాన్ని అప్పజెప్పారని వినయ పిటకమే చెప్తుంది. ఈ మధ్య కాలమంతా దాన్ని మోసినవాళ్లను భాణకులు అనేవారు. దీఘం మోసేవాళ్లు దీఘభాణకులు, మజ్ఝిమం మోసేవాళ్లు మజ్ఝిమభాణకులు.

బ్రాహ్మీ అక్షరం | సోమవారం, రాత్రి 8:40

ఇక్కడ నేను మాట్లాడాలి. మన పక్కన రాయలేదంటే మన పక్కన లేదని కాదు కదా!

అమరావతి శాసనాల్లో "సంయుతక భాణక" అన్న మాట ఉంది. అంటే సంయుత్తాన్ని కంఠస్థం చేసి అప్పజెప్పే భిక్షువులు. "వినయధర", అంటే వినయాన్ని నోట మోసేవాడు, అన్న బిరుదు కూడా ఉంది. నాగార్జునకొండకు వెళ్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మహాచైత్యం స్తంభాల మీద భదంత ఆనందుడనే భిక్షువు పేరుంది. ఆ కట్టడం పని చూసింది ఆయనే. ఆయన గురువులు ఎవరంటే దీఘ, మజ్ఝిమ నికాయలు, ఐదు మాతుకలు (ముఖ్యాంశాల పట్టికలు) బోధించేవాళ్లని చెక్కారు. 3వ శతాబ్దం, ఇక్ష్వాకుల కాలం. రాజగృహ సభలో అప్పజెప్పిన ఆయన పేరే మన కృష్ణ ఒడ్డున ఇంకో భిక్షువు పెట్టుకున్నాడు. ఆ పేరు కనిపించిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. అమరావతిలో పూర్ణకుంభం చెక్కిన పలక ఒకటుంది. దాన్ని ఇచ్చింది విధికుడనే చమ్మకారుడు, తోలుపని చేసేవాడు. శాసనం నిండా చుట్టాలే: తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి ఇస్తున్నానని రాయించాడు. చివర "పుణఘడక పటో" అని ఉంటుంది. పూర్ణఘటం ఉన్న పలక అని. చదువుకున్న వర్ణాల వాళ్లు చెప్తేనే ధమ్మం నిలబడిందనుకునేవాళ్లకు ఆ పలక చూపించాలి. సుత్తాలు వినడానికి కూర్చున్నవాళ్లలో ఇలాంటి ఇళ్లు ఉన్నాయి.

ఉండవల్లి కుర్రాడు | సోమవారం, రాత్రి 9:15

అన్నా, ఇంతమంది ఉంటే మరి మన వాళ్ల పుస్తకాలు ఏమయ్యాయి? ఒక్కటి కూడా దొరకలేదా?

బ్రాహ్మీ అక్షరం | సోమవారం, రాత్రి 10:20

తాటాకు తమ్ముడూ. మన ఉక్కపోతకు, పురుగుకు, వానకు ఆకు ఎన్నాళ్లుంటుంది? తిరగరాసే చెయ్యి ఉన్నంతకాలమే పుస్తకం బతుకుతుంది. విహారాలు పాడుబడ్డాయి, తిరగరాసేవాళ్లు లేకపోయారు. వాయవ్యాన గాంధారం వైపు పొడి నేల కాబట్టి భూర్జపత్రాల మీద ఖరోష్ఠి లిపిలో రాసిన చుట్టలు మట్టికుండల్లో మిగిలాయి. 1994లో బ్రిటిష్ లైబ్రరీకి చేరినవి 1వ శతాబ్దం నాటివి. పాళీలో ఇప్పుడున్న తాటాకు ప్రతుల్లో అన్నిటికన్నా పాతవి ఖాట్మండులో ఉన్న నాలుగు ఆకులు, అవీ 8, 9 శతాబ్దాలవి. బర్మాలో శ్రీక్షేత్రం దగ్గర 1926లో దొరికిన 20 బంగారు రేకుల మీద పాళీ పాఠాలున్నాయి. వాటి లిపి దక్షిణ భారత లిపుల కుటుంబానిదే. బంగారం కాబట్టి మిగిలింది.

అలాగని మన వాళ్ల మాట పూర్తిగా పోలేదు. అది ఎక్కడ మిగిలిందో తెలుసా? వాళ్లను కాదన్నవాళ్ల పుస్తకంలో.

అభిధమ్మ పిటకంలో కథావత్థు అని ఒక గ్రంథం ఉంది. అశోకుడి కాలంలో పాటలీపుత్రంలో మొగ్గలిపుత్త తిస్సుడు కూర్చాడని సంప్రదాయం. పుస్తకమంతా వాదమే: ఎదుటివాళ్ల మాట ఒకటి చెప్పి, దాన్ని కాదంటారు. ఆ మాట ఎవరిదో దాని వ్యాఖ్యానం పేరుపెట్టి చెప్తుంది. అందులో పదేపదే వచ్చే పేరు "అంధకులు". పుబ్బసేలియులు, అపరసేలియులు, రాజగిరికులు, సిద్ధత్థికులు అనే నాలుగు శాఖలను కలిపి అలా పిలిచారు. ఈ పేర్లు మన కృష్ణాతీరం శాసనాల్లో కనిపించేవే.

వాళ్ల వాదాల్లో ఒకటి వినండి. "ఇక్కడ ఇచ్చిన దానంతో అక్కడ పోయినవాళ్లు బతుకుతారు." ఇది రాజగిరికులు, సిద్ధత్థికులు అన్న మాట. పాళీ పిటకాన్ని నిలుపుకున్న శాఖ, థేరవాదులు, ఒప్పుకోలేదు. మనిళ్లలో తద్దినం రోజున విస్తరి ముందు కూర్చున్నవాళ్లకు ఈ మాట కొత్తగా ఉంటుందా? ఇంకొకటి: దానం చేసిన వస్తువును జనం వాడుకునే కొద్దీ ఇచ్చినవాడి పుణ్యం పెరుగుతూ ఉంటుంది. విధికుడి పలకను ఈ మాట పక్కన పెట్టి చూస్తే, ఆ పలక ముందు మొక్కిన ప్రతివాళ్లూ ఆయన కుటుంబానికి ఏదో ఇచ్చి వెళ్తున్నట్టే కదా.

లెక్కల మాస్టారు | మంగళవారం, ఉదయం 6:05

హ్యూయెన్ త్సాంగ్ 7వ శతాబ్దంలో ధాన్యకటకంలో, అంటే మన అమరావతి దగ్గర, కొన్ని నెలలుండి, ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే పాత బౌద్ధ శాఖవాళ్ల అభిధర్మం చదువుకున్నాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. అంటే అప్పటికీ ఇక్కడ పాఠం నడుస్తోంది. అంతకు ముందే ఫాహియాన్ పాటలీపుత్రంలో మహాసాంఘిక వినయం ప్రతి సంపాదించి తీసుకెళ్లాడు. అది చైనా భాషలో ఇప్పటికీ ఉంది.

ఉండవల్లి కుర్రాడు | మంగళవారం, ఉదయం 8:30

పాళీ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు "అంధకట్ఠకథ" అని ఒక వ్యాఖ్యానం పేరు చెప్పాడని విన్నాను. అది తెలుగులో ఉండేదా?

పాళీ విద్యార్థి | మంగళవారం, ఉదయం 9:00

పేరు నిజమే. 5వ శతాబ్దం నాటి వినయ వ్యాఖ్యానం సమంతపాసాదికలో దాని మాటలు అక్కడక్కడ వస్తాయి, కొన్నిచోట్ల ఒప్పుకోరు కూడా. అది ఆంధ్రదేశపు భిక్షువుల వ్యాఖ్యానం అన్నంతవరకే ఆ పేరు నుంచి తీసుకోవాలి. భట్టిప్రోలు భరిణెల మీద, అమరావతి పలకల మీద రాసింది ప్రాకృతం. అమరావతిలో "నాగబు" లాంటి ఒక్క మాట చూసి మనం మురిసిపోతాం కానీ, పూర్తి తెలుగు శాసనం రావడానికి 6వ శతాబ్దం దాకా ఆగాలి. పొలంలో, వంటింట్లో తెలుగు మాట్లాడుతూ, విహారంలో ప్రాకృతం వినేవాళ్లు అయ్యుంటారు.

తెనాలి అమ్మాయి | మంగళవారం, రాత్రి 9:30

ఇంత చర్చలో ఆడవాళ్ల ఊసే లేదు! థేరీగాథలు ఎవరూ ఎత్తలేదేం? భిక్షుణులు తమ గొంతుతో చెప్పుకున్న పాటలు 73. ముత్త అనే ఆవిడ గాథ నాకు నోటికొచ్చు. "బాగా విడుదలయ్యాను, మూడు వంకర వాటినుంచి: రోలు, రోకలి, గూని మొగుడు." ఆ తర్వాతి మాటలోనే పుట్టుక నుంచీ చావు నుంచీ విడుదలయ్యానంటుంది. రోకలిపోటు వేసి వేసి చేతులు కాయలు కాసిన మనిషి తప్ప ఆ మాట అలా అనలేదు. మా అమ్మమ్మకు చదివి వినిపిస్తే, "ఇది మన పక్కింటావిడ అన్నట్టుందే" అంది.

అక్కా, మీకు ఇంకొకటి చెప్పాలి. పాళీ విద్యార్థి గారు చెప్పిన పారాయనాన్నే అంగుత్తర నికాయలో నందమాత అనే గృహిణి తెల్లవారుజామున లేచి రాగంతో చదువుకుంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తున్న వెస్సవణుడు, అంటే మన కుబేరుడు, ఆ గొంతు విని పూర్తయ్యేదాకా ఆగిపోతాడు. భిక్షుణి కాదు, ఇంట్లో ఉండే ఆవిడ. మీరు కాఫీ వేళ చదువుతున్నారు, ఆవిడ కోడికూత వేళ చదివింది.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 7:45

పారాయనం అంటున్నారు కానీ అసలు సంగతి చెప్పరేం? అది మన గోదావరి ఒడ్డున మొదలవుతుంది! కోసలం నుంచి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు దక్షిణాపథంలో, అస్సక, అళక రాజ్యాల హద్దులో, గోదావరి గట్టున పరిగెలు, పండ్లు తిని బతుకుతుంటాడు. యజ్ఞం చేసి ఉన్నదంతా పంచేశాక, ఇంకో బ్రాహ్మణుడు దుమ్ము కాళ్లతో వచ్చి ఐదొందలు ఇమ్మంటాడు. లేవంటే "ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుంది" అని శపిస్తాడు. బావరి తిండి మానేసి కుంగిపోతాడు. శిష్యులు 16 మందిని బుద్ధుడి దగ్గరకు పంపుతాడు. పైఠన్, ఉజ్జయిని, విదిశ, కోసంబి, శ్రావస్తి మీదుగా రాజగృహం దాకా నడుస్తారు. నిర్మల్ జిల్లా బాదనకుర్తి వాళ్లు బావరి మా ఊరివాడే అని చెప్పుకుంటారు. బుద్ధుడు ఉండగానే మన నేలకు ధమ్మం వచ్చిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పాళీ విద్యార్థి | బుధవారం, ఉదయం 10:10

కృష్ణాతీరం గారూ, ఆ కథంటే నాకూ ప్రాణం. కానీ నాన్నగారు అడిగింది "పాతది ఏది" అని. కాబట్టి ఒక విషయం దాచకూడదు. నిద్దేసం పారాయనంలో ప్రతి ప్రశ్నకూ పదం పదం అర్థం చెప్పింది. మీరు చెప్పిన ముందు కథను, అంటే వత్థుగాథలను, మాత్రం ముట్టుకోలేదు. 16 ప్రశ్నలు ముందే ఉండి, ఈ కథ ముందుమాటగా తర్వాత చేరిందని పండితులు అనేది అందుకే. గోదావరి పేరు వచ్చేది ఆ ముందుమాటలోనే.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 11:30

అంటే బావరి లేడంటారా? మా ఇంట్లో పిల్లలకు ఈ కథ చెప్పి పెంచాను సార్. బాధగా ఉంది.

పాళీ విద్యార్థి | బుధవారం, మధ్యాహ్నం 12:15

లేడనలేదండీ. ప్రశ్నల కన్నా కథ తర్వాతిది అంటున్నాను, అంతే. తర్వాతిదైనా పిటకంలోదే, ఎంతో పాతదే. ఆ శాపం ముడి విప్పిన తీరు చూడండి: "అవిద్యే తల, విద్యే ఆ తలను పగలగొట్టేది." భయపెట్టిన మాటనే తీసుకుని భయం పోగొట్టాడు. పిల్లలకు తప్పకుండా చెప్పండి.

అమ్మా, ప్రశ్నల్లోంచి రెండు చోట్లు నా తెలుగులో రాస్తున్నాను. నాన్నగారికి ఇవి వినిపించండి.

మొదటిది అజితుడిది. "లోకాన్ని కప్పేసింది ఏమిటి? అది ఎందుకు వెలగడం లేదు? దానికి పూసిన జిగురు ఏమిటి? దాని మహాభయం ఏమిటి?" జవాబు: "అవిద్య కప్పేసింది. పిసినారితనం వల్ల, ఏమరుపాటు వల్ల వెలగడం లేదు. కోరికే జిగురు. దుఃఖమే మహాభయం."

రెండోది చివరివాడైన పింగియుడిది. "ముసలివాణ్ణి అయ్యాను, బలం లేదు, రంగు పోయింది. కళ్లు సరిగా కనిపించవు, చెవులు సరిగా వినిపించవు. అయోమయంలో ఉండగానే మధ్యలో నశించిపోకూడదు నేను. పుట్టుకను, ముసలితనాన్ని ఇక్కడే వదిలే ధమ్మం చెప్పు."

తర్వాత పింగియుడు తిరిగొచ్చి బుద్ధుణ్ణి పొగుడుతాడు. "అంత గొప్పవాడైతే ఆయన్ని విడిచి క్షణమైనా ఎలా ఉంటున్నావు?" అని అడుగుతారు. అడిగింది బావరి అని వ్యాఖ్యానం. పింగియుడు అంటాడు: "రాత్రీ పగలూ ఏమరకుండా, కళ్లతో చూసినట్టే మనసుతో ఆయన్ని చూస్తూ ఉంటాను. ముసలివాణ్ణి, సత్తువ తగ్గింది, ఒళ్లు అక్కడిదాకా రాదు. తలపుతో ఎప్పుడూ అక్కడికే వెళ్తుంటాను."

కృష్ణాతీరం గారూ, ఈ చివరి భాగానికి నిద్దేసం అర్థం చెప్పింది. ఇది పాతదే.

కృష్ణాతీరం | బుధవారం, మధ్యాహ్నం 12:40

చదివాను. పింగియుడు నాకు చాలు సార్. గోదావరి పేరు లేకపోయినా ఫరవాలేదు.

బ్రాడీపేట పాఠకురాలు | గురువారం, రాత్రి 8:25

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఈరోజు సాయంత్రం మీ మాటలన్నీ మొదటి నుంచి నాన్నకు చదివాను. విధికుడి పేరు వచ్చినప్పుడు "మళ్లీ చదువు, ఎవరెవరితో కలిసి ఇచ్చాడు?" అని అడిగి తల్లి, భార్య, కొడుకు, కూతుళ్లు అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ముత్త గాథకు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నది.

పింగియుడి దగ్గర "కళ్లు సరిగా కనిపించవు" అన్న మాట చదవడానికి నాకు గొంతు పెగల్లేదు. నాన్నే, "ఆగకు, చదువు" అన్నారు. పూర్తయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "తెలుగు అర్థమైంది. అసలు పింగియుడు పలికిన తీరు ఎలా ఉంటుందో పాళీలో ఒకసారి వినాలి" అన్నారు. నాకు పాళీ రాదు. పాళీ విద్యార్థి గారూ, శ్రమ అనుకోకపోతే ఆ నాలుగు పాదాలు మీ గొంతుతో రికార్డు చేసి పెట్టగలరా? విని నేర్చుకుని రేపటి నుంచి నేనే చదువుతాను.

పాళీ విద్యార్థి | గురువారం, రాత్రి 10:50

పెట్టాను అమ్మా. మా ఇంటి ముందు రోడ్డు కాబట్టి బండ్ల చప్పుడు తగ్గేదాకా ఆగాను. "పస్సామి నం మనసా చక్ఖునావ" దగ్గర మొదలవుతుంది. మొదటిసారి రాగంతో, రెండోసారి నాన్నగారు వెంట పలకడానికి వీలుగా ఒక్కో పాదం దగ్గర ఆగుతూ చదివాను.